సుధీంద్రనాథ దత్త: జీవితము, శబ్దసాధన

భారతీయ భాషలలో ఆధునిక కవిత్వ చరిత్రను వ్రాయువారు తరచుగా ఒక సూత్రమును అనుసరింతురు. కవిత సంస్కృత పదములను విడిచి వాడుకభాషకు ఎంత చేరువైనచో అంత ఆధునికమనియు, తత్సమములవైపు ఎంత మరలినచో అంత వెనుకకు నడిచినదనియు ఆ సూత్రమునకు తాత్పర్యము. ఇది అనేక కవుల విషయమున నిజమే. కాని వంగకవి సుధీంద్రనాథ దత్త దీనికి లొంగడు. రవీంద్రుని అనంతరతరమున సంశయదృష్టియందును, పాశ్చాత్య సాహిత్య పరిచయమునందును ముందు వరుసలో నిలిచిన కవి ఆయన. సంస్కృత పదసంపదను ఆ తరమున అందరికంటె మిక్కుటముగా ఆశ్రయించిన కవియు ఆయనయే. ఈ రెండును ఒక్క వ్యక్తియందు ఎట్లు పొసగినవో గ్రహించుటకు ఆయన జీవితమును మొదటినుండి పరిశీలింపవలసియున్నది.

సుధీంద్రనాథుడు 1901వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. దత్త కుటుంబము ఉత్తర కలకత్తాలోని హాతీబాగాన్ ప్రాంతమునకు చెందినది. తండ్రి హీరేంద్రనాథ దత్త వృత్తిచేత అటార్నీ, ప్రవృత్తిచేత వేదాంతి. ఉపనిషత్తులను గూర్చియు భగవద్గీతను గూర్చియు ఆయన వంగభాషలో గ్రంథములు రచించెను. వంగీయ సాహిత్య పరిషత్తుతోను, స్వదేశోద్యమకాలమున వెలసిన జాతీయ విద్యాపరిషత్తుతోను, అనీబిసెంటు నాయకత్వమున నడచిన దివ్యజ్ఞాన సమాజముతోను ఆయనకు గాఢమైన సంబంధముండెను. తల్లి ఇందుమతి, జాతీయ విద్యాపరిషత్తునకు లక్ష రూపాయలు విరాళమిచ్చిన రాజా సుబోధచంద్ర మల్లిక్ సోదరి. ధనమును, పాండిత్యమును, దేశభక్తియు, ధర్మనిష్ఠయు కలిసి నివసించిన గృహమది. ఆ గృహమునుండి వెలువడిన జ్యేష్ఠపుత్రుడు తండ్రి పాండిత్యమును స్వీకరించెను గాని తండ్రి విశ్వాసమును స్వీకరింపలేదు.

బాలుని 1914లో కాశీయందలి దివ్యజ్ఞాన సమాజ పాఠశాలకు పంపిరి. 1917 వరకు విద్యాభ్యాసము అచటనే జరిగెను. ఈ మూడేండ్ల ప్రవాసము ఆయన సాహిత్యజీవితమును మలచినది. వంగదేశమునకు వెలుపల పెరుగుచున్న ఆ బాలునకు మాతృభాషకంటె సంస్కృతమును, ఆంగ్లమును ఎక్కువ పరిచితములాయెనని ఆయన మిత్రుడు బుద్ధదేవ బోసు తెలిపియున్నాడు. తరువాత కలకత్తాకు మరలి ఓరియంటల్ సెమినరీలోను, స్కాటిష్ చర్చి కళాశాలలోను చదివి 1922లో పట్టభద్రుడాయెను. పిదప ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. తరగతియందును, న్యాయశాస్త్ర తరగతియందును చేరెను, రెంటిని పూర్తిచేయలేదు. తండ్రి కార్యాలయమున న్యాయవాదవృత్తిని అభ్యసించుటయు కొంతకాలమునకే ముగిసెను.

సాధారణముగా కవికి మాతృభాష అప్రయత్నముగా అబ్బును. కవిత్వము మాత్రము అతడు సాధింపవలసియుండును. సుధీంద్రనాథునకు మాతృభాషయు సాధనవలననే లభించెను. యౌవనమున ఆయన వంగభాషను నిఘంటువుల తోడ్పాటుతో, వ్యాకరణపరిశ్రమతో, ఒక్కొక్క పదమును తూచి నేర్చుకొనెను. పదము ఆయనకు నాలుకపై నిలిచిన అలవాటు కాదు. బుద్ధిపూర్వకముగా ఎన్నుకొన్న వస్తువు. ఆయన తరువాత ప్రకటించిన కావ్యసిద్ధాంతమునకు బీజమిచటనే కలదు.

ఈ సాధనకాలమున రవీంద్రనాథ ఠాకూరు ఆయనకు గురుస్థానమున ఉండెను. ఏ వస్తువైనను కవిత్వమునకు తగునా అను చర్చ వారి నడుమ జరిగినదనియు, ఆ చర్చకు ప్రత్యుత్తరముగా యువకవి కోడిపుంజును వస్తువుగా గైకొని "కుక్కుట్" అను కవితను వ్రాసెననియు, రవీంద్రుడు దానిని మెచ్చెననియు వంగసాహిత్యమున ప్రసిద్ధమైన కథ. 1929లో రవీంద్రుడు జపాను, అమెరికా ఖండములకు బయలుదేరినపుడు సుధీంద్రనాథుడు సహచరుడుగా వెడలెను. అటనుండి తానొక్కడే ఐరోపాకు పోయి, అచటి సంగీతమును, చిత్రకళను, నూతన సాహిత్యమును ప్రత్యక్షముగా చూచి తిరిగివచ్చెను. మరుసటి యేడు, అనగా 1930లో, ప్రథమ కవితాసంపుటము "తన్వి" వెలువడెను. దానిని ఆయన రవీంద్రునకే అంకితమిచ్చెను. ఆ సంపుటమున గురువు ఛాయ స్పష్టము. ఆ ఋణమును దాచుటకు కవి ప్రయత్నింపలేదు.

1931లో ఆయన "పరిచయ్" అను త్రైమాసిక పత్రికను స్థాపించెను. నాటి వంగ పత్రికలలో నవలలు, కథలు, గేయములు సమృద్ధిగ ఉండెను గాని గంభీరమైన గ్రంథవిమర్శకు తగిన స్థానము లేకుండెను. "పరిచయ్" ఈ లోపమును పూరింపబూనెను. ఆంగ్ల, ఫ్రెంచి, జర్మను గ్రంథములు వెలువడిన కొద్దికాలమునకే వాని సమీక్షలు వంగభాషలో కనిపింపసాగెను. భౌతికశాస్త్రజ్ఞుడు సత్యేంద్రనాథ బోసు, సమాజశాస్త్రవేత్త ధూర్జటిప్రసాద ముఖోపాధ్యాయుడు, చరిత్రకారుడు సుశోభన సర్కారు, కళావిమర్శకుడు షాహిద్ సుహ్రవర్దీ, కవి విష్ణు దే మొదలగువారు ఆ పత్రిక చుట్టును చేరిరి. వారము వారము సంపాదకుని యింట గోష్ఠి జరుగుచుండెను. అచట మార్క్సు సిద్ధాంతమును నమ్మినవారును, నమ్మనివారును ఒకే పంక్తిన కూర్చుండి వాదించుచుండిరి. సంపాదకుడు ఏ పక్షమునకును కట్టుబడక, వాదమునందు నిశితత్వమును మాత్రమే కోరుచుండెను. ఆయన ఈ బాధ్యతను పండ్రెండేండ్లు వహించెను.

ఆయన వ్యాసరచన ఎక్కువగా ఈ పత్రిక ప్రేరణచేతనే జరిగినది. తొలి వ్యాససంపుటము "స్వగత" 1938లో వెలువడెను. సంస్కరింపబడిన రూపమున 1957లో మరల ముద్రణమాయెను. రెండవ సంపుటము "కులాయ్ ఓ కాలపురుష్" కూడ 1957లోనిదే. యేట్సు, ఎలియటు, హాప్కిన్సు, ఫాక్నరు, గోర్కీ మొదలగువారిని గూర్చి వంగభాషలో ఇంతటి బరువుతో వ్రాసినవారు అంతకు పూర్వము అరుదు. ఈ వ్యాసముల యందలి క్రియారూపములు వాడుకభాషకు చెందినవి. ఆ విషయమున ప్రమథ చౌధురి 1914లో "సబుజ్ పత్ర" ద్వారా నెలకొల్పిన మార్గమునే ఆయన అనుసరించెను. నామపదములు, విశేషణములు మాత్రము సంస్కృతభూయిష్ఠములు. గ్రాంథిక వ్యావహారిక వివాదమును ఎరిగిన తెలుగువారికి ఈ కూర్పు ఆలోచింపదగినది. క్రియ జీవద్భాషనుండి రావలెను. పదము భావమునకు సరిపడు చోటినుండి, అది ఎంత ప్రాచీనమైనను, రావలెను. ఈ రెండు సూత్రములకును వైరుధ్యము లేదని ఆయన ఆచరణయందు నిరూపించెను.

"కావ్యేర్ ముక్తి" అను వ్యాసమున ఆయన కావ్యసిద్ధాంతము స్పష్టముగ కనబడును. కవి దివ్యావేశముచేత పలుకునను భావమును ఆయన అంగీకరింపలేదు. అనుభవము చెల్లాచెదరుగా ఉన్న ముడిసరకు. దానికి రూపమిచ్చునది పరిశ్రమయే. లోకమున నేర్పినదంతయు, చదివినదంతయు కవిత్వమునకు ఉపకరణమే గాని, ఆ ఉపకరణములను తీర్చిదిద్దువాని ఓర్పునుబట్టియే కావ్యము నిలుచును. తండ్రి ఇంట వినిన ఋషుల దర్శనమును, గురువైన రవీంద్రునియందు కనిన అనాయాస స్ఫూర్తిని, రెంటిని కాదని ఒక పనివాని నియమమును ఆయన ఎన్నుకొనెను.

ఆంగ్ల విమర్శయందలి భావములను వంగభాషలో చెప్పుటకు ఆయన సంస్కృత పదములకు నూతనార్థములను నియోగించెను. ఎలియటును గూర్చిన వ్యాసమున కవికి పూర్వసాహిత్యముతో గల సంబంధమునకు ఆయన వాడిన పదము ఐతిహ్యము. తెలుగున ఐతిహ్యమనగా పరంపరగా చెప్పుకొను కథ. ఆ భావమునకు మనము సంప్రదాయమందుము. వంగభాషలోనో సంప్రదాయమనగా ఒక మతమునకో వర్గమునకో చెందిన జనసముదాయము. ఒకే భాండారమునుండి గైకొన్న రెండు పదములు రెండు భాషలలో స్థానములు మార్చుకొనినవి. తత్సమములు భారతీయ భాషలన్నిటికి ఉమ్మడి సొత్తని చెప్పుట సులభమే. కాని ప్రతి భాషయు ఆ పదములను తన చరిత్రకు అనుగుణముగా మార్చుకొనినదను సత్యమును, సుధీంద్రనాథుని గద్యమును చదువు తెలుగువాడు అడుగడుగునను గ్రహించును.

కవిగా ఆయన పరిణతిని చూపిన సంపుటము 1935లో వెలువడిన "ఆర్కెస్ట్రా". అందలి దీర్ఘకవితయందు పాశ్చాత్య వాద్యగోష్ఠి వర్ణనయు, శ్రోత మనసున మేల్కొను ప్రణయస్మృతియు ఒకదానితో నొకటి అల్లుకొనును. ఆ ప్రణయము గతించినది, తిరిగి రానిది, జ్ఞాపకమునందు తప్ప వేరెచట లేనిది. రవీంద్రుని కవిత్వమున విరహము తరచుగా పరమాత్మవైపు ద్వారము తెరచును. సుధీంద్రనాథుని విరహమునకు అట్టి ద్వారము లేదు. కోల్పోయినది కోల్పోయినదే. ఆయన కవిత్వమునందలి వేదనకు మూలమిదియే.

తరువాత "క్రందసీ" 1937లోను, "ఉత్తరఫాల్గునీ" 1940లోను వెలువడినవి. క్రందసీ అనునది వైదికపదము. దానికి ద్యావాపృథివులని వ్యాఖ్యాతలు అర్థము చెప్పుదురు. ఆ పేరు గల సంపుటమున దేవతాస్తుతి లేదు. శూన్యమైన ఆకాశము క్రింద మానవుని ఏకాంతము కలదు. అందలి "ఉట్‌పాఖీ" అను కవిత ఉష్ట్రపక్షిని, అనగా మనము నిప్పుకోడి అను పక్షిని, సంబోధించును. ఎడారి నలుదెసల పరచుకొనియున్నది, తల ఇసుకలో దాచుకొనినంతమాత్రమున ఆపద తొలగదు, పారిపోవుటకు చోటు లేదు అని హెచ్చరించు ఆ కవితయందు వక్తయు ఆ పక్షికంటె ఎక్కువ సురక్షితుడు కాడు. మధ్యతరగతి విద్యావంతుల నిస్సహాయతను ఇంత తక్కువ మాటలతో చెప్పిన కవిత ఆ కాలపు వంగసాహిత్యమున అరుదు.

రెండవ ప్రపంచయుద్ధము ఆయన బాహ్యజీవితమును మార్చివైచెను. 1942లో తండ్రి మరణించెను. ఆ సంవత్సరముననే ఆయన విమానదాడుల నుండి పౌరులను రక్షించు శాఖయందు ఉద్యోగమున చేరి 1945 వరకు పనిచేసెను. 1943లో "పరిచయ్" ఆయన చేతులనుండి తొలగి వామపక్ష రచయితల నిర్వహణలోనికి పోయెను. అదే యేడు, పంజాబు కుటుంబమున పుట్టి రవీంద్రగీతముల గానమున ఖ్యాతినొందిన రాజేశ్వరీ వాసుదేవను వివాహమాడెను. 1945 నుండి 1949 వరకు "స్టేట్స్‌మన్" పత్రికయందును, 1949 నుండి 1954 వరకు దామోదర్ లోయ సంస్థయందును ఉద్యోగములు చేసెను. ఈ కాలమున ఎం. ఎన్. రాయ్‌తో ఆయనకు మైత్రి కలిగెను. రాయ్ నడిపిన "మార్క్సియన్ వే" అను ఆంగ్ల త్రైమాసికమునకు సంపాదకత్వమున తోడ్పడెను. తెలుగునాట అబ్బూరి రామకృష్ణరావును, త్రిపురనేని గోపీచందును ఆకర్షించిన ఆ హేతువాదియే కలకత్తాలో ఈ కవికిని మిత్రుడగుట గమనింపదగినది. నియంతృత్వము ఏ వర్ణమున వచ్చినను దానిని అంగీకరింపకుండుట ఆ ఇరువురను కలిపిన సూత్రము.

1953లో "సంవర్త" వెలువడెను. అమరకోశమును వల్లించినవారికి సంవర్తమనగా ప్రళయమని చెప్పనక్కరలేదు. శీర్షికాకవిత 1940లో, ఐరోపా కూలిపోవుచున్న దినములలో రచింపబడినది. వర్షదినమున ఒక వ్యక్తి స్మృతిని, పత్రికలు మోసికొనివచ్చు యుద్ధవార్తలను కలిపి అల్లిన ఆ కవితయందు ప్రణయనాశమును, నాగరికతానాశమును వేరుచేయుట సాధ్యము కాదు. పురాణములు కల్పాంతమునకు పెట్టిన పేరు చారిత్రక విపత్తునకు అన్వయించినది. పురాణమున ప్రళయానంతరము మరల సృష్టి కలదు. ఈ కవి ఆ హామీని ఇయ్యలేదు.

అదే సంపుటమున "యయాతి" అను కవిత కలదు. మన వాఙ్మయమున పొన్నికంటి తెలగన అచ్చతెనుగు కావ్యమునకు ఎన్నుకొన్న వస్తువు యయాతి చరిత్రమే. తత్సమములను పూర్తిగా పరిహరించి తెలగన చెప్పిన రాజును, తత్సమములతో దట్టముగ నేసిన పద్యమున సుధీంద్రనాథుడు నిలిపెను. ఏబదియేండ్లు దాటిన ఈ యయాతికి వార్ధక్యమును మార్చుకొను పూరుడు లేడు. ఇరువదవ శతాబ్దముతో పాటు పుట్టి, దాని ఆశలను, దాని రెండు యుద్ధములను చూచిన వాని ముదిమి అది. కథ పాతది, అందలి ఒంటరితనము కవి కాలమునకు చెందినది.

ఈ గ్రంథపు పీఠికయందు ఆయన ఫ్రెంచికవి మలార్మే ఆదర్శమే తన ఆదర్శమని ప్రకటించెను. కావ్యమునకు ప్రధానమైన ఉపాదానము భావము కాదు, శబ్దము. 1954లో వెలువడిన "ప్రతిధ్వని" అను అనువాదసంపుటము ఈ విశ్వాసమునకు పరీక్షాస్థలము. షేక్స్‌పియరు సానెట్లు, హైనే గీతములు, మలార్మే, వలేరీల కవితలు అందున్నవి. మూలమునందలి ఛందోనిర్మాణమునకు దీటైన నిర్మాణమును వంగభాషలో సాధింపవలెనని ఆయన పట్టుదల. స్వకీయ కవితలలోను ఆయన ఛందస్సును, అంత్యప్రాసను విడువలేదు. రవీంద్రుడే 1932లో "పునశ్చ" ద్వారా గద్యకవితకు ద్వారము తెరచిన పిమ్మటను, శిష్యుడు ఆ మార్గమున నడువకుండుట ఆయన స్వభావమును తెలుపును.

1956లో వెలువడిన "దశమి" ఆయన చివరి కవితాసంపుటము. పేరునకు తగినట్లు అందున్నవి పది కవితలు. ఇచట కంఠస్వరము తగ్గినది, ఆక్రోశము శమించినది. ఒక కవితయందు ఆయన తాను క్షణవాదినని చెప్పుకొనెను. వేదాంతి కుమారుడు తన తుదిమాటగా బౌద్ధదర్శనమునుండి పదము గైకొనుట యాదృచ్ఛికము కాదు. తండ్రికి సంస్కృతము నిత్యసత్యమును చెప్పు వాహిక. కుమారునకు అదే సంస్కృతము అనిత్యతను చెప్పుటకు తోడ్పడినది. నాగార్జునుని, ధర్మకీర్తిని కన్న భాషకు సంశయము క్రొత్త కాదు. దీనిని మరచి, సంస్కృతపదము కనబడినంతనే ఆస్తికతను, సనాతనతను ఊహించుట మన అలవాటు.

1956లో బుద్ధదేవ బోసు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున తులనాత్మక సాహిత్యశాఖను నెలకొల్పెను. దేశమున అట్టి శాఖలలో అది మొదటిది. ఎం.ఏ. పూర్తిచేయక విద్యాలయమును విడిచిన సుధీంద్రనాథుడు ఆ శాఖయందు అధ్యాపకుడుగా ప్రవేశించెను. 1957లో విదేశములకు వెడలి, షికాగో విశ్వవిద్యాలయమున కొంతకాలము గడపి, ఆంగ్లమున స్వీయచరిత్రను ఆరంభించెను. 1959లో మరలివచ్చి జాదవ్‌పూర్‌లో బోధన కొనసాగించెను. 1960 జూన్ 25వ తేదీన, ఏబదియెనిమిదవ యేట, కలకత్తాలో ఆకస్మికముగా మరణించెను. స్వీయచరిత్ర అసంపూర్ణముగనే నిలిచెను. అది 1970లో "ద వరల్డ్ ఆఫ్ ట్వైలైట్" అను సంపుటమున ప్రకటితమాయెను. ఆయన కావ్యసంగ్రహము బుద్ధదేవ బోసు పీఠికతో 1962లో వెలువడెను. శైలియందలి కాఠిన్యమును చూచి ఆయనను ప్రాచీనరీతి కవిగా భావించినవారికి, ఆ కాఠిన్యపు అడుగున ఉన్నది తీవ్రమైన రొమాంటిక్ హృదయమని ఆ పీఠిక విన్నవించినది.

సుధీంద్రనాథునిపై మోపబడిన ప్రధానాక్షేపణ దుర్బోధత. ఇది పూర్తిగా నిరాధారము కాదు. నిఘంటువు లేక ఆయన కవితలు కొన్ని తెరచుకొనవు. కొన్ని వాక్యములు అర్థభారముచేత నడక తప్పినవి. పల్లెజీవితము, శ్రామికుల పలుకుబడి ఆ కవిత్వమున దాదాపు కనబడవు. రచన స్వల్పము, పాఠకలోకము పరిమితము. కాని ఈ లోపములు అలసత్వమువలన కలిగినవి కావు. భాషను అరువుసొమ్మువలె గాక కష్టార్జితమువలె వాడినవాడు చెల్లించిన మూల్యమది. పదము బరువైనదగుటకు కారణము ఆడంబరము కాదు, తేలికపదము చెప్పు అబద్ధమునకు ఆయన ఒప్పుకొనకపోవుట.

తెలుగున 1930–40 దశాబ్దమున శ్రీశ్రీ మహాప్రస్థాన గీతములలో సంస్కృతసమాసములను విప్లవభావమునకు వాహికగా చేసెను. కలకత్తాలో అదే దశాబ్దమున సుధీంద్రనాథుడు వానిని సంశయమునకు వాహికగా చేసెను. లక్ష్యములు వేరు, స్వభావములు వేరు. అయినను తత్సమము గతమునకే చెందినదను అభిప్రాయమును ఈ ఇరువురును తమ తమ భాషలలో పూర్వపక్షము చేసిరి. పదమునకు వయస్సు కలదు గాని పక్షము లేదు. దానిని ఏ పక్షమున నిలుపవలెనో నిర్ణయించునది వాడువాని బుద్ధియు, శ్రమయు. మన భాషల ఆధునికయుగ చరిత్రలను వ్రాయునపుడు ఈ విషయమును విస్మరించినచో, ప్రతి భాషయందును ఇట్టి కవి ఒకడైనను మన వర్గీకరణమునకు అందక వెలుపల నిలిచిపోవును.